అటారీ 2600లో మరుగున పడ్డ ఆటలు: వెతకడం, నేర్చుకోవడం, ఆడడం ఎలా?

టీవీకి తగిలించి ఆడే పాత వీడియో గేమ్ మిషన్ అటారీ 2600 పేరు ఎత్తగానే చాలామంది నాలుగైదు ఆటల పేర్లు చెప్పి ఆగిపోతారు. స్పేస్ ఇన్వేడర్స్, ప్యాక్-మ్యాన్, పిట్‌ఫాల్, అప్రతిష్ఠ మూటగట్టుకున్న ఈ.టీ. అంతే. ఈ మిషన్ 1977 సెప్టెంబరులో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. అటారీ దాన్ని అధికారికంగా ఆపేసింది 1992 జనవరి 1న. ఈ పద్నాలుగేళ్ళలో దానికోసం వందల ఆటలు తయారయ్యాయి. వాటిలో కొన్ని ఇవాళ ఆడినా కూర్చున్న చోటు నుంచి లేవనివ్వవు, కానీ వాటి పేరు తలిచే వాళ్ళే తక్కువ.

దీనికి కారణం నాకు చాలాకాలానికి అర్థమైంది. ఇప్పుడు ఎమ్యులేటర్లో, అంటే పాత మిషన్‌ను అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రాంలో, వందల ఆటలు ఒకే లిస్టులో కనిపిస్తాయి. ఒకటి తెరుస్తాం, రెండు నిమిషాలు అటూ ఇటూ కదుపుతాం, ఏమీ అర్థం కాదు, ఇంకోటి తెరుస్తాం. ఆ ఆటలు అలా ఆడడానికి రాసినవి కావు. స్క్రీన్ మీద కనిపించేది ఆటలో సగమే. మిగతా సగం పెట్టెతో పాటు వచ్చిన మాన్యువల్లో, మిషన్ మీద ఉన్న స్విచ్‌లలో ఉంటుంది. ఆ రెండో సగాన్ని కూడా చేతిలోకి తీసుకుని ఆడడం ఎలాగో ఇక్కడ వరసగా చెప్తాను.

1. ముందు మిషన్ సంగతి తెలుసుకోండి

ఈ అడుగు దాటేయకండి. పదిహేను నిమిషాలు దీనికి పెడితే, ఆ తర్వాత ఏ ఆట చూసినా మీ చూపు మారుతుంది.

అటారీ 2600లో ఉన్న ర్యామ్, అంటే ఆట నడుస్తున్నంతసేపు వివరాలు దాచుకునే చోటు, 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. కంప్యూటర్లలో ఇప్పుడు మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడుతుంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ లెక్కేస్తే 128 బైట్లలో పట్టేవి 42 గుర్తులు. అంటే ఒక చిన్న తెలుగు వాక్యం. ఆటగాడు ఎక్కడున్నాడు, శత్రువులు ఎక్కడున్నారు, స్కోరు ఎంత, ఎన్ని ప్రాణాలు మిగిలాయి, ఇవన్నీ ఆ ఒక్క వాక్యమంత చోటులో సర్దుకోవాలి.

స్క్రీన్ మీది బొమ్మను దాచుకోవడానికి ఇక చోటెక్కడిది? అందుకే ఈ మిషన్ బొమ్మను దాచుకోదు. టీవీ లోపలి ఎలక్ట్రాన్ కిరణం పై నుంచి కిందికి ఒక్కో గీతా గీసుకుంటూ పోతుంటే, ప్రోగ్రాం దానితో పాటే పరిగెత్తుతూ, ఈ గీతలో ఏమేం కనపడాలో అప్పటికప్పుడు టీఐఏ అనే చిప్‌కి చెప్తుంది. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కి దొరికే సమయం 76 సైకిళ్ళు, అంటే దాని లోపలి గడియారం 76 సార్లు కొట్టుకునేంత. ఆ చిప్ ఇచ్చే బొమ్మలు రెండు ప్లేయర్లు, రెండు మిస్సైళ్ళు, ఒక బంతి, వెనక ఒక మోటు బ్యాక్‌గ్రౌండ్, అంతే. ప్లేయర్ బొమ్మ వెడల్పు 8 చుక్కలు. రెండు ట్యాంకులు కొట్టుకునే ఆటలాంటివి దృష్టిలో పెట్టుకుని చేసిన డిజైన్ అది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నమాట ఈ మిషన్‌కి అతికినట్టు సరిపోతుంది.

ఇది తెలిశాక ఒక ప్రయోగం చేయండి. యాక్టివిజన్ కంపెనీ ఆట ఏదైనా తెరిచి స్క్రీన్ ఎడమ అంచు చూడండి. పై నుంచి కిందికి సన్నని నల్లపట్టీ ఒకటి కనిపిస్తుంది. బొమ్మలను పక్కకి జరిపే ఆజ్ఞ ఇచ్చినప్పుడల్లా ఆ గీత ఎడమ చివర టీఐఏ చిప్ చిన్న నల్ల ముక్క వదిలేస్తుంది. చాలా ఆటల్లో అవి అక్కడక్కడా దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. యాక్టివిజన్ వాళ్ళు ప్రతి గీతకూ ఆ ఆజ్ఞ ఇచ్చి, ఆ పళ్ళన్నిటినీ కలిపి నీటైన ఒకే పట్టీగా మార్చేశారు. అంత చిన్న విషయం మీద అంత శ్రద్ధ పెట్టిన వాళ్ళ ఆటలు ఓపిగ్గా చూడాల్సినవే అని నాకనిపించింది ఆ పట్టీ చూసినప్పుడే.

2. ఎక్కడ వెతకాలి?

ఆటల పేర్లు గుర్తు పెట్టుకునే కంటే సంవత్సరాలు గుర్తు పెట్టుకోండి. మొదటిది 1983-84. 1983లో అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. 35 డాలర్ల దగ్గర అమ్ముడైన కార్ట్రిడ్జ్‌లు (ఆట లోపల ఉండే, మిషన్‌లో గుచ్చే చిన్న పెట్టెలు) 5 డాలర్ల బుట్టల్లోకి చేరాయి. బాధేమిటంటే, ప్రోగ్రామర్లకు ఈ మిషన్ కిటుకులన్నీ చేతికొచ్చింది సరిగ్గా అప్పుడే. మంచి ఆటలు వచ్చేసరికి కొనేవాళ్ళు లేరు. హీరో, పిట్‌ఫాల్ 2 వంటివి ఆ గడ్డుకాలంలోనే వచ్చాయి.

రెండోది 1986 నుంచి 1989 దాకా. అప్పటికి పోటీ కంపెనీ నింటెండో మిషన్ ఇళ్ళలోకి వచ్చేసింది. అటారీ చవక మోడల్‌గా మిగిలింది. ఆ రోజుల్లో దానికోసం వచ్చిన ఆటలను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. సొలారిస్ 1986లో వచ్చింది. పాస్‌వర్డ్‌తో ఆపిన చోటు నుంచి కొనసాగించే సీక్రెట్ క్వెస్ట్ 1989లో వచ్చింది.

కంపెనీల్లో యాక్టివిజన్, ఇమాజిక్, స్టార్‌పాత్, ఈ మూడూ చూస్తే మొదటి నెలకు సరిపోతుంది. యాక్టివిజన్ పుట్టింది 1979లో. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, ల్యారీ కాప్లన్ అటారీలో పనిచేస్తూ, తాము రాసిన ఆటల మీద తమ పేర్లు కూడా వేయడం లేదని బయటికొచ్చి పెట్టుకున్న కంపెనీ అది. అందుకే దాని మాన్యువల్లో ఆట రాసినవారి పేరు ఉంటుంది. దాని విలువేంటో నాలుగో అడుగులో చెప్తాను.

3. దేని మీద ఆడాలి?

కొత్తవాళ్ళకు నా సలహా స్టెల్లా ఎమ్యులేటర్. ఉచితం, ఓపెన్ సోర్స్, 1990ల నుంచి ఇప్పటిదాకా దాన్ని మెరుగుపరుస్తూనే ఉన్నారు. ఎఫ్1 నొక్కితే గేమ్ సెలెక్ట్, ఎఫ్2 నొక్కితే గేమ్ రీసెట్. సెట్టింగుల్లో ఫాస్ఫర్ అనే ఆప్షన్ ఉంటుంది. బొమ్మలు మరీ మినుకుమినుకుమంటుంటే అది ఆన్ చేయండి. ఒకే గీతలో రెండు కంటే ఎక్కువ బొమ్మలు చూపించాల్సి వస్తే ప్రోగ్రామర్లు ఒక ఫ్రేములో ఒకదాన్ని, తర్వాతి ఫ్రేములో ఇంకోదాన్ని గీసేవారు. పాత టీవీ తెర వెలుగు ఒక్క క్షణం నిలిచి ఉండేది కాబట్టి కంటికి కొంత సర్దుకునేది. ఫాస్ఫర్ ఆప్షన్ ఆ నిలిచే వెలుగును తిరిగి తెస్తుంది.

ఆట నెమ్మదిగా నడుస్తూ రంగులు తేడాగా ఉంటే మీకు దొరికింది పాల్ టీవీల కోసం (యూరప్ వంటి చోట్ల వాడిన, సెకనుకు 50 ఫ్రేముల పద్ధతి) చేసిన కాపీ అయి ఉండొచ్చు. సెకనుకు 60 ఫ్రేముల అమెరికా కాపీ వెతకండి.

ఇవి హక్కులున్న ఆటలని మర్చిపోవద్దు. డబ్బు పెట్టి సరిగ్గా కొనాలంటే 2022లో వచ్చిన అటారీ 50 అనే సంకలనం ఉంది. 2023 నవంబరులో అటారీ 2600+ అనే కొత్త మిషన్ వచ్చింది. పాత కార్ట్రిడ్జ్‌లు అందులో పెట్టి హెచ్‌డీఎంఐ తీగతో ఇప్పటి టీవీలో ఆడుకోవచ్చు.

పాత కార్ట్రిడ్జ్ పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోతోందా? టెన్షన్ పడకండి. నేను కొన్న ఒక పాత కార్ట్రిడ్జ్ అలాగే మొండికేసింది. పోయిందనుకుని పక్కన పడేసి, నెల తర్వాత మళ్ళీ తీసి చూస్తే మిషన్‌కి తగిలే దాని లోహపు పళ్ళ మీద బూడిద రంగు మురికి పేరుకుని ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రెండుసార్లు తుడిచి, బాగా ఆరనిచ్చి పెడితే మొదటిసారికే ఆట వచ్చేసింది. అటారీ సొంత కార్ట్రిడ్జ్‌లు చాలావాటికి పళ్ళను కప్పే చిన్న తలుపు ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా వెనక్కి నొక్కి తుడవాలి. నోటితో ఊదొద్దు, ఆ తేమతో లోహం పాడవుతుంది.

4. ఆట తెరిచే ముందే మాన్యువల్ చదవండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. మాన్యువల్ చదవకుండా ఆడితే ఆడనట్టే లెక్క.

4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో కథ చెప్పడానికి, నియమాలు వివరించడానికి చోటు లేదు. అదంతా కాగితం మీదికి వెళ్ళింది. ఉదాహరణకి ఇమాజిక్ వాళ్ళ కాస్మిక్ ఆర్క్ తీసుకోండి. 1982లో రాబ్ ఫులోప్ రాసిన ఆట. ఊరికే చూస్తే ఒక ఓడ నాలుగు వైపుల నుంచి వచ్చే ఉల్కలను కాలుస్తుంది, తర్వాత చిన్న నౌక ఒకటి కిందికి దిగి ఏవో జంతువులను జంటగా పైకి లాగుతుంది. అయోమయంగా ఉంటుంది. అసలు సంగతి ఏంటంటే, అదే కంపెనీ ఆట అట్లాంటిస్‌లో నగరం నాశనమయ్యాక చిన్న నౌక ఒకటి తప్పించుకుని ఎగిరిపోతుంది. ఈ ఆట దాని కొనసాగింపు. అంతరించిపోతున్న ప్రాణులను గ్రహం గ్రహం తిరిగి రెండేసి చొప్పున కాపాడుతున్నారు. ఇది తెలిసి ఆడితే ఒక జంతువు చేయి జారిపోయినప్పుడు మనసుకు తగులుతుంది.

యాక్టివిజన్ మాన్యువళ్ళలో ఆట రాసినవారే స్వయంగా చిట్కాలు చెప్పే భాగం ఉంటుంది. అది తప్పక చదవండి. పాత మాన్యువళ్ళ స్కాన్లు నెట్‌లో తేలిగ్గా దొరుకుతాయి. ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుంటే చాలు.

5. స్విచ్‌లు, కంట్రోలర్లు

మిషన్ మీద పవర్ కాక ఐదు స్విచ్‌లు ఉంటాయి: కలర్ లేదా బ్లాక్ అండ్ వైట్ టీవీ ఎంచుకునేది, ఎడమ డిఫికల్టీ, కుడి డిఫికల్టీ, గేమ్ సెలెక్ట్, గేమ్ రీసెట్. డిఫికల్టీ స్విచ్‌లో బీ అంటే మామూలుగా తేలిక, ఏ అంటే కష్టం. కొత్త ఆట ఎప్పుడూ బీలో మొదలుపెట్టండి.

ప్యాడిల్‌తో, అంటే గుండ్రంగా తిప్పే కంట్రోలర్‌తో, ఆడాల్సిన ఆటను జాయ్‌స్టిక్‌తో తెరిచి "ఇది పనిచేయట్లేదు" అని మూసేసిన వాళ్ళను చాలామందిని చూశాను. స్టెల్లాలో మౌస్ ప్యాడిల్‌లా పనిచేస్తుంది. అసలు ప్యాడిల్ తిప్పుతుంటే బొమ్మ వణుకుతోందంటే లోపలి రెసిస్టర్ మీద దుమ్ము చేరిందని అర్థం. విప్పి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు తిప్పితే కుదురుకుంటుంది. నలుగురు కూర్చునే వీలుంటే మాత్రం రెండు జతల ప్యాడిళ్ళు సంపాదించి వార్‌లార్డ్స్ ఆడండి. నాలుగు మూలల్లో నాలుగు కోటలు, మధ్యలో ఒక నిప్పుబంతి. దాన్ని 1981లో కార్లా మెనిన్‌స్కీ ఈ మిషన్‌కి తెచ్చారు.

6. మొదటి ఆట: హీరో

జాన్ వాన్ రైజిన్ రాసిన ఈ ఆటను యాక్టివిజన్ 1984లో విడుదల చేసింది. గనిలో చిక్కుకున్న కార్మికుణ్ణి వెతికి కాపాడాలి. మీ వీపున చిన్న హెలికాప్టర్ రెక్క, తలమీద లేజర్, చేతిలో 6 డైనమైట్ కడ్డీలు. మెలకువగా నేర్చుకోండి.

జాయ్‌స్టిక్ పైకి నెట్టగానే మనిషి లేవడు. రెక్క తిరగడం మొదలై, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేస్తాడు. ఈ ఆలస్యమే ఆటకు ప్రాణం. మొదటి పది నిమిషాలు ఏ శత్రువునీ పట్టించుకోకుండా మొదటి గదిలోనే లేవడం, గాల్లో నిలబడడం, మెల్లగా దిగడం ప్రాక్టీసు చేయండి. చేతికి ఆ లయ రావాలి.

నేల మీద నిలబడి జాయ్‌స్టిక్ కిందికి లాగితే డైనమైట్ పెడతాడు. పెట్టిన వెంటనే పక్కకి జరగాలి, లేకపోతే గోడతో పాటు మీరూ పోతారు. లేజర్‌తో కూడా గోడ కరిగించవచ్చు గానీ దానికి చాలా సేపు పడుతుంది, ఈలోగా పవర్ గీత కరిగిపోతూ ఉంటుంది. కాబట్టి ప్రతి గోడ ముందూ ఒక లెక్క వేసుకోవాలి: కడ్డీ ఖర్చు పెట్టాలా, సమయం ఖర్చు పెట్టాలా?

గనిలో ఒక గది నుంచి కింది గదికి దిగేటప్పుడు అక్కడ ఏముందో ముందు కనపడదు. సాలీడు వేలాడుతుండొచ్చు, గబ్బిలం ఉండొచ్చు. అందుకే గది అంచు దాటగానే జాయ్‌స్టిక్ పైకి తట్టి గాల్లో నిలబడండి, చుట్టూ చూడండి, అప్పుడు దిగండి. లాంతరు కనిపిస్తే దానికి దూరంగా ఉండండి. తగిలితే దీపం ఆరి గది చీకటైపోతుంది. లోతుకు వెళ్ళేకొద్దీ ముట్టుకుంటే చంపే గోడలు వస్తాయి. అక్కడే మొదటి పది నిమిషాల ప్రాక్టీసు అక్కరకొస్తుంది.

వారం రోజులు ఈ ఒక్క ఆటే ఆడమంటాను.

7. స్విచ్‌లే ఆటగా మారిన ఆట: స్పేస్ షటిల్

స్టీవ్ కిచెన్ 1983లో యాక్టివిజన్ కోసం రాసిన ఆట ఇది. షటిల్‌ను ప్రయోగించి, కక్ష్యలో పెట్టి, ఉపగ్రహంతో కలిపి, తిరిగి భూమ్మీద దింపాలి. ఇన్ని పనులకు ఒక జాయ్‌స్టిక్, ఒక బటన్ ఎక్కడ సరిపోతాయి? అందుకని మిషన్ మీద ఉన్న స్విచ్‌లనే కాక్‌పిట్ బోర్డుగా మార్చేశారు. ఇంజిన్లు, కార్గో తలుపులు, ల్యాండింగ్ గేర్ అన్నీ ఆ స్విచ్‌ల మీదే. వాటి మీద పరుచుకోవడానికి పేర్లు అచ్చు వేసిన షీటు కూడా పెట్టెలో వచ్చేది. నల్లతెలుపు టీవీ ఉన్నవాళ్ళ కోసం పెట్టిన స్విచ్‌తో వ్యోమనౌక నడిపించడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఎమ్యులేటర్లో ఈ ఆట తెరిచి అర్థం కాక మూసేసేవాళ్ళే ఎక్కువ. మీరు ఒక కాగితం తీసుకుని ఏ కీ ఏ స్విచ్‌కో, ఈ ఆటలో ఆ స్విచ్ దేనికో మాన్యువల్ చూసి రాసి కీబోర్డు పక్కన పెట్టుకోండి. సెలెక్ట్‌తో మొదటి రకం ఎంచుకుంటే చాలా పనులు షటిలే చూసుకుంటుంది, మీరు గమనిస్తూ నేర్చుకోవచ్చు. అది అలవాటయ్యాకే తర్వాతి రకాలకు వెళ్ళండి.

8. తర్వాత సొలారిస్

డగ్లస్ న్యూబవర్ రాసిన సొలారిస్ 16 కిలోబైట్ల ఆట. ఈ మిషన్ మీద ఇంత పెద్ద అంతరిక్షం ఇమిడిందంటే మొదట నమ్మలేం. మ్యాప్ తెరిచి ఎక్కడికి వెళ్ళాలో ఎంచుకుంటారు, దూకుతారు, పోరాడతారు, ఇంధనం నింపుకుంటారు, సొలారిస్ అనే గ్రహాన్ని వెతుకుతారు.

మూడు సంగతులు తెలుసుకుని మొదలుపెట్టండి. ఒకటి, దూకేటప్పుడు మీ ఓడ బొమ్మ రెండుగా చీలి ఊగుతుంది. జాయ్‌స్టిక్‌తో ఆ రెంటినీ ఒక్కటిగా పట్టి ఉంచితే ఇంధనం తక్కువ ఖర్చవుతుంది. ఇది తెలియక నేను చాలాసార్లు మధ్యదారిలో ఇంధనం అయిపోయి ఆగిపోయాను. రెండు, మ్యాప్‌లో మీ పక్షం గ్రహాల దగ్గరికి శత్రువు వస్తుంటే ముందు అక్కడికి వెళ్ళండి. అవే మీకు ఇంధనమిచ్చే చోట్లు. మూడు, అలాంటి గ్రహం నాశనమైతే ఆ ప్రాంతమంతా రెడ్ జోన్‌గా మారి, కుడి ఎడమలు తారుమారవుతాయి. జాయ్‌స్టిక్ పాడైందని కంగారుపడకండి, ఆట నియమమే అది.

9. క్యాసెట్ మీద వచ్చిన సాహసం: డ్రాగన్‌స్టాంపర్

స్టార్‌పాత్ వాళ్ళు సూపర్‌చార్జర్ అని ఒక పొడవాటి కార్ట్రిడ్జ్ చేశారు. అందులో అదనంగా 6 కిలోబైట్ల ర్యామ్ ఉంది. దాని తీగను మామూలు క్యాసెట్ ప్లేయర్‌కి తగిలిస్తే ఆట టేపులోంచి లోడవుతుంది. 1982లో స్టీఫెన్ లాండ్రమ్ రాసిన డ్రాగన్‌స్టాంపర్ మూడు భాగాలుగా లోడయ్యే రోల్ ప్లేయింగ్ గేమ్. మొదట పల్లెసీమలో తిరిగి బలం, బంగారం కూడబెట్టాలి. తర్వాత ఊళ్ళో సరుకులు కొనాలి. చివరికి డ్రాగన్ గుహ. మొదటి భాగంలో తొందరపడి వంతెన దగ్గరికి వెళ్ళకండి. బలం చాలినంత పెరిగేదాకా చిన్న శత్రువులతోనే పోరాడండి. ఊళ్ళో డబ్బు ఎంత ఉంటే గుహలో అంత ధీమా.

10. చేతికి పని పెట్టే మరో రెండు

ప్రెషర్ కుక్కర్ పేరు చూసి పొయ్యి మీది గిన్నె అనుకోకండి. గ్యారీ కిచెన్ 1983లో రాసిన ఈ ఆటలో కింద ఆర్డర్లు కనిపిస్తుంటాయి, పక్క నుంచి ముక్కలు ఎగిరొస్తుంటాయి, పట్టుకుని బర్గర్లు పేర్చి సరైన రంగు గొట్టంలో వేయాలి. ఇప్పుడు వంటగది ఆటలు ఇష్టపడేవాళ్ళకు ఇది వెంటనే నచ్చుతుంది.

మాంటెజుమాస్ రివెంజ్ సంగతి వేరు. ఈ మిషన్‌కి పార్కర్ బ్రదర్స్ 1984లో తెచ్చిన ఈ ఆట ఆటగాళ్ళ కంటే కృత్రిమ మేధ పరిశోధకులకే ఎక్కువ తెలుసు. 2015లో డీప్‌మైండ్ వాళ్ళ ప్రోగ్రాం 49 అటారీ ఆటలు తనంతట తనే నేర్చుకుంటే, ఈ ఆటలో మాత్రం దానికి వచ్చిన స్కోరు సున్నా. మొదటి గదిలో నిచ్చెన దిగి, తాడు పట్టుకుని, మళ్ళీ దిగి, దొర్లే పుర్రె మీదుగా గెంతి, ఇంకో నిచ్చెన ఎక్కితేనే తాళంచెవి అందుతుంది. అప్పటిదాకా ఒక్క పాయింటూ రాదు. మీకు ఆ తాళంచెవి మొదటి సాయంత్రమే దొరికే అవకాశం ఎక్కువ.

11. స్కోరు రాసి పెట్టుకోండి

ఈ ఆటల్లో చాలావాటికి సేవ్ చేసుకునే వీలు లేదు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, ఆట, స్విచ్‌లు ఎలా ఉన్నాయి, స్కోరు ఎంత, ఎక్కడ చచ్చిపోయారు, ఈ ఐదూ రాయండి. "హీరో, తొమ్మిదో గని, రెండో గది, గబ్బిలం" అని రాసుకుంటే మర్నాడు ఆ గదిలోకి ఎలా దిగాలో చేతికే తెలుస్తుంది.

లక్ష్యం కావాలంటే యాక్టివిజన్ పెట్టిన లక్ష్యాలనే తీసుకోండి. ఆ రోజుల్లో మాన్యువల్లో చెప్పిన స్కోరు దాటి, టీవీ స్క్రీన్ ఫొటో తీసి పోస్టులో పంపితే, బట్టల మీద కుట్టుకునే గుడ్డ బ్యాడ్జీ తిరిగి వచ్చేది. హీరోకి ఆ గీత 75,000 పాయింట్లు. ఇప్పుడు ఆ బ్యాడ్జీ పంపేవాళ్ళు లేరు గానీ, ఆ గీత దాటిన రోజు గేమ్ రీసెట్ నొక్కే ముందు ఒక ఫొటో తీసి నోట్‌బుక్‌లో ఆ పేజీకి అంటించుకోండి.